ఏ గోడ బరువు మోయును?

పాత యిల్లు బాగుచేయించుకొన దలచినవారికి మొదట కలుగు కోరిక, నడిమి గోడ నొకదానిని తీసివేసి రెండు గదులను ఒక్కటి చేయవలెనని. హైదరాబాదుకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేటలలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాముఖ్యము కలదు. నాగపూరు రహదారి మేడ్చల్ మీదుగను, కరీంనగరు రహదారి శామీర్‌పేట మీదుగను పోవుచున్నవి. ఆ దారుల వెంట నగరము పెరిగి పల్లెలను చేరినది. మట్టిగోడల పెంకుటిల్లు, ఇటుకగోడల మిద్దె, స్తంభములపై నిలిచిన మేడ అను మూడు కాలముల కట్టడములు ఇచట కలిసియున్నవి. ఈ మూడింటిలోను గోడ చేయు పని ఒక్కటి కాదు. అది యెరుగక గునపము పట్టుట అపాయకరము.

మొదట పెంకుటింటిని చూతము. ఇచటి గుట్టలు గ్రానైటు శిలలు. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. దగ్గరనున్న రాయి, కాళ్ళక్రింది మట్టి గోడకు వచ్చినవి. మట్టికి బలము తక్కువ కనుక గోడను మందముగా పెట్టిరి. దూలములు, వాసములు, వానిపై గూనపెంకులు పైకప్పు అయినవి. కొన్ని యిండ్లలో దూలమును కొయ్యస్తంభము మోయును. మరి కొన్నింటిలో దూలపు కొస గోడలోనికి చొచ్చి దానిపైననే ఆనియుండును. కలిగినవారు గానుగలో త్రిప్పిన డంగుసున్నము వాడిరి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా గట్టిపడును.

1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఆంగ్లేయ తాపీపనివాడు పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందెను. సిమెంటు కాంక్రీటు నొక్కుడుకు నిలుచును గాని లాగుడుకు నిలువదు. ఇనుము లాగుడుకు నిలుచును. పారిసులో తోటపని చేసిన జోసెఫ్ మోనియే ఇనుప వలపై సిమెంటు పూసి మొక్కల తొట్లు చేసి, 1867లో పేటెంటు పొందెను. 1892లో ఫ్రాంస్వా ఎన్‌బిక్ దూలము, స్తంభము, కప్పు ఒకే అల్లికగా నిలుచు పద్ధతికి పేటెంటు తీసికొనెను. క్రమముగా ఈ విద్య మన ఊళ్ళకును వచ్చి రెండు రూపములు దాల్చినది: ఇటుకగోడలపై కాంక్రీటు కప్పు వేయుట ఒకటి, స్తంభములు, దూలములతో చట్రము కట్టుట రెండవది.

మొదటి రూపమున గోడయే స్తంభము. ఒక లెక్క వేయుదము. ప్రక్కప్రక్కన రెండు గదులు. ఒక్కొక్కటి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. కప్పు మందము 12.5 సెంటీమీటర్లు. ఒక గది కప్పు ఘనపరిమాణము 1.5 ఘనమీటర్లు. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2500 కిలోలు తూగును. కనుక ఒక గది కప్పు 3750 కిలోలు. ప్రతి కప్పును వేరుగా తీసికొని, అది వెడల్పునకు అటునిటు గోడలపై ఆనినదనుకొన్నచో, చివరి గోడ కొక్కొక్కదానికి 1875 కిలోలు వచ్చును. నడిమి గోడకు రెండు వైపుల సగములు కలిసి 3750 కిలోలు! తీసివేయదలచిన గోడయే రెట్టింపు బరువు మోయుచున్నది.

చట్రపు మేడలో బరువు కప్పునుండి దూలమునకు, దూలమునుండి స్తంభమునకు, అచటినుండి పునాదికి పోవును. గోడ గదులను వేరుచేయు తెర మాత్రమే. అయినను గోడ మందము చూచి తీర్పు చెప్పరాదు. తొమ్మిదంగుళాల గోడ సాధారణముగా మోయునది, నాలుగున్నర అంగుళాలది సాధారణముగా అడ్డుగోడ. కాని దీనికి మినహాయింపులు కలవు. పై అంతస్తున అదే వరుసలో గోడ యున్నదా, దూలము ఎచట ఆనియున్నది, కప్పులోని ప్రధానమైన ఇనుపచువ్వలు ఏ దిశగా పోయినవి అను సంగతులు ఇంజనీరు పరిశీలింపవలెను. బరువు మోయు గోడను తీయక తప్పదన్నచో, ముందు కప్పునకు తాత్కాలికముగా పోట్లు పెట్టి, ఇంజనీరు లెక్కకట్టిన దూలమును అమర్చవలెను. పిమ్మట పైనుండి క్రిందికి గోడను విప్పవలెను. విప్పిన ఇటుకలను మేడమీద గుట్టపోయరాదు. ఆ బరువును మరల కప్పే మోయవలెను గదా!

ఆ శిథిలములు చెరువులో పడరాదు. 2016లో భారత ప్రభుత్వము నిర్మాణ వ్యర్థములకు నియమములు చేసినది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని జీడిమెట్లలో 2020లో దినమునకు 500 టన్నుల శిథిలములను శుద్ధిచేయగల కర్మాగారము వెలసినది.

తరగతిలో మూడు ఇటుకలను సమదూరమున నిలిపి, రెండు రూళ్ళకర్రలను నడిమి ఇటుకపై కొసలు కలియునట్లు పెట్టుడు. చివరి ఇటుక తీసిన ఒక కర్ర పడును. మరల అమర్చి నడిమి ఇటుక తీయుడు, రెండును పడును. ఇంటిలోని నడిమి గోడ సంగతియు ఇట్టిదే.