సేద్యంలో జీవహింస: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం

పంట పండించేటప్పుడు చచ్చే పురుగులు, ఎలుకలు, పాముల పాపం ఎవరి ఖాతాలో పడాలన్నది పాత తగాదా. మాంసంతోపాటు పాలు, తేనె, పట్టు కూడా మానేసే వీగన్లకు ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా ఎదురవుతోంది. పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. నల్లరేగడిలో పత్తి, మిర్చి, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి ఇక్కడి పంటలు.

జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ స్తూపపు అరుగు మీద ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్టు శాసనాలున్నాయి. ఇలాంటి చోట్ల ఉండే భిక్షువులకూ ఈ చిక్కు ఎదురైంది. బౌద్ధ సంఘపు వినయ నియమాల ప్రకారం భిక్షువు నేల తవ్వకూడదు, తవ్వించకూడదు, మొక్కను తుంచకూడదు. భిక్షువులు వానల్లో తిరుగుతూ పైరునూ చిన్న ప్రాణులనూ తొక్కుతున్నారని జనం తప్పుపట్టడంతోనే, వానకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసం ఏర్పడిందని వినయపిటకం చెబుతుంది. దున్నే దోషం రైతుకు, అన్నం భిక్షువుకు దక్కిందన్నమాట. నాగలి భూమినీ అందులోని ప్రాణులనూ గాయపరుస్తుందని మనుస్మృతి కూడా సేద్యాన్ని ఆక్షేపించింది.

ఈ తగాదాకు మొహమాటం లేని జవాబు మహాభారత అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడిది. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన తెలుగు చేసిన భాగంలోనిదే ఈ కథ. మిథిలలో మాంసం అమ్మే ఈ బోయ తాను చంపడు, తినడు. నాగలి చాలులో ఎన్ని ప్రాణాలు పోతున్నాయో చూడమని కౌశికుడనే బ్రాహ్మణుడికే పాఠం చెబుతాడు.

ఇక ఈ ప్రాంతానికి వస్తే, సాగర్ నీళ్లు రాకముందు మెట్టలో జొన్న, కంది సాగయ్యేవి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. వరితోపాటు ఎలుకల బెడదా ఉంటుంది. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ మందు కలిపిన ఎర దానికి వ్యవసాయ శాఖ సిఫారసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సైతం 2022 సవరణ వరకు ఎలుకను రక్షణ లేని జాబితాలోనే ఉంచింది.

పత్తి సంగతి ఇంకా తీవ్రం. దేశ సాగుభూమిలో సుమారు 5 శాతమే ఆక్రమించే ఈ పంట ఒకప్పుడు పురుగుమందుల్లో దాదాపు సగం తాగేది. 2002 మార్చిలో, కాయతొలుచు పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక శనగపచ్చ పురుగు మీద పిచికారీలు తగ్గాయి. ఆ తరువాత గులాబీ రంగు పురుగు బీటీకి తట్టుకోవడం నేర్చింది. రసం పీల్చే పురుగులు మిగిలే ఉన్నాయి. మందుకు తేనెటీగ, అక్షింతల పురుగు వంటి మిత్రపురుగులూ పోతాయి. పట్టు వద్దని నూలు కట్టే వీగన్‌కూ, పత్తిచెక్క తిన్న గేదె పాలు తాగేవారికీ ఈ లెక్కలో వాటా ఉంది.

2003లో అమెరికా ఆచార్యుడు స్టీవెన్ డేవిస్ ఏటా హెక్టారు పంటపొలంలో 15, పచ్చికబయలులో 7.5 జంతువులు చస్తాయని అంచనా కట్టి, పచ్చిక మేసే పశువుల మాంసమే తక్కువ హింస అన్నాడు. హెక్టారును కాదు, అది ఎందరి కడుపు నింపుతుందో చూడాలని గావెరిక్ మాథెనీ అదే ఏడు ఇచ్చిన జవాబు బలమైనది. ఇక పచ్చిక కాక దాణా తినే పశువులకైతే, ఆ దాణా కూడా పొలంలో పండేదే కదా!

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ప్రోత్సహిస్తోంది. ఇందులో రసాయన మందులుండవు. కానీ ఇందులో పొలానికి పోసే 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం కావాలి. పశువు లేకుండా ఈ సేద్యం సాగదు.