నార్డిక్ కంబైన్డ్ ప్రపంచకప్ 2020-21: ఒకే పోటీతో ముగిసిన మహిళల తొలి సీజన్

స్కీ జంపింగ్, క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌ల సమ్మేళనమైన నార్డిక్ కంబైన్డ్ క్రీడలో మహిళలకు ప్రపంచకప్ 2020-21లో ఆరంభమైంది. కొవిడ్ కారణంగా మిగిలిన పోటీలు రద్దుకావడంతో ఆ సీజన్ ఒక్క రోజుకే పరిమితమైంది. 2020 డిసెంబరు 18న ఆస్ట్రియాలోని రామ్‌సౌలో జరిగిన ఆ ఏకైక పోటీలో అమెరికా క్రీడాకారిణి తారా గెరాటీ-మోట్స్ విజయం సాధించారు. సీజన్ టైటిల్ కూడా సహజంగానే ఆమెకే దక్కింది.

గుండర్‌సన్ విధానంలో ముందుగా జంప్ ఉంటుంది. అందులో వచ్చిన పాయింట్ల తేడాను సమయంగా మార్చి, అగ్రస్థానంలో ఉన్నవారిని స్కీయింగ్ పరుగులో ముందుగా పంపుతారు. మిగిలినవారు ఆ వ్యవధుల ప్రకారం బయలుదేరుతారు. ముగింపు గీతను మొదట దాటినవారే విజేత కనుక చూసేవారికి లెక్కలతో పనిలేదు.

పురుషుల టైటిల్‌ను నార్వేకు చెందిన యార్ల్ మాగ్నస్ రీబర్ వరుసగా మూడోసారి గెలుచుకున్నారు.

2021 ఫిబ్రవరిలో జర్మనీలోని ఒబర్‌స్ట్‌డార్ఫ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళలకు తొలిసారి అవకాశమిచ్చింది. గీడా వెస్ట్‌వోల్డ్ హాన్సెన్ స్వర్ణం గెలవగా, మూడు పతకాలూ నార్వేకే దక్కాయి.

ఒలింపిక్స్‌లో మాత్రం 1924 నుంచి ఈ క్రీడ పురుషులకే పరిమితం. 2026 క్రీడల్లో మహిళల విభాగాన్ని చేర్చేందుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2022 జూన్‌లో నిరాకరించింది. పతకాలు కొద్ది దేశాలకే దక్కుతున్నాయని, వీక్షకులు తక్కువని కారణాలు చూపింది. ఆ ఒలింపిక్ గణాంకాలన్నీ పురుషుల పోటీలవే.