కొత్త రూపం షోరూముకు, పాత రూపం స్టాండుకు

2008 మార్చి 23న శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. హైదరాబాద్‌లోని పాత విమానాశ్రయం బేగంపేటకు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే నెలలో మారుతీ సంస్థ స్విఫ్ట్ కారుకు వెనక డిక్కీ చేర్చి, స్విఫ్ట్ డిజైర్ పేరుతో విడుదల చేసింది. ఈ రెండు సంగతులకూ అప్పట్లో ఎవరూ ముడిపెట్టి ఉండరు. బేగంపేట ఊరి నడిబొడ్డున ఉండేది, పెట్టె చిన్నదైతే ఆటోలో ఇల్లు చేరవచ్చు. శంషాబాద్‌లో దిగినవాడికి ఆ వెసులుబాటు లేదు. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం, 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరుచుకున్నాయి. శంషాబాద్ చుట్టుపక్కల, తుక్కుగూడ, మహేశ్వరం వైపు కూడా, క్యాబ్ నడపడం ఒక కొత్త బతుకుదెరువైంది.

ఆనాటి నుంచి ఈ దారుల్లో పసుపు నంబరు ప్లేటుతో తిరిగిన బండ్లను వరసగా తలుచుకుంటే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇండికా, డిజైర్ టూర్, ఎక్సెంట్ ప్రైమ్: వీటి తరవాతి రూపం షోరూముల్లోకి వచ్చేసినా, ఫ్యాక్టరీలో ఇవి తయారవుతూనే వచ్చాయి. కొత్తది వస్తే పాతది పోవాలి కదా, ఎందుకు పోలేదన్నదే ప్రశ్న. దానికి కనీసం మూడు కాలాల్లో మూడు వేరువేరు జవాబులున్నాయని నా అభిప్రాయం. వాటిని కలిపి ‘మన దేశంలో ఏదైనా ఆలస్యమే’ అని తేల్చేయడం చరిత్రకు అన్యాయం.

మొదటి కాలం అంబాసిడర్‌ది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా 1950ల చివర కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ దీన్ని మొదలుపెట్టింది, 2014 మేలో ఆపింది. ముందు జాలీ, దీపాలు, తరవాత ఇంజను మారాయి గానీ ఒళ్లు మారలేదు. అప్పట్లో కారు ఎన్ని తయారు చేయాలో చెప్పేది లైసెన్సు, విదేశీ కారు రాకుండా ఆపేది దిగుమతి నిషేధం. కొనేవాడే ఏళ్ల తరబడి వరసలో నిలబడి ఉంటే కంపెనీకి కొత్త అచ్చులు పోయించే అవసరమేముంది? ఆ కాలాన్ని తిట్టడం తేలిక. కానీ ఒక మేలు కూడా జరిగింది. ఏ తాలూకా కేంద్రంలోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ తయారయ్యాడు. రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో దొరకని భాగం ఉండేది కాదు. పాత మోడల్‌కు టాక్సీవాడు ఇచ్చే విలువలో ఈ సంగతికి పెద్ద వాటా ఉంది, ఆ తరవాతి రెండు కాలాల్లోనూ.

రెండో కాలంలో కొరత లేదు, పోటీ ఉంది. అయినా పాత మోడల్ నిలిచింది. ఇండికా కథే ఇందుకు గట్టి సాక్ష్యం. టాటా సంస్థ దాన్ని 1998 డిసెంబరులో విడుదల చేసి, తొలి లోపాలు సరిదిద్ది 2001లో వీ2 పేరుతో తెచ్చింది. 2008 ఆగస్టులో పూర్తిగా కొత్తదైన ఇండికా విస్టా వచ్చింది. లెక్క ప్రకారం వీ2 అక్కడితో ముగియాలి. ముగియలేదు. 2011లో ఈవీ2గా మళ్లీ ముస్తాబై, తన తరవాత పుట్టిన విస్టా కనుమరుగయ్యాక కూడా కొనసాగి, 2018లో ఆగింది. డీజిలు ఇంజను, తక్కువ ధర, వెనక ముగ్గురు ఒదిగే చోటు ఉండటంతో క్యాబ్ యజమాని దాన్ని వదల్లేదు. కంపెనీకి ఒక చిక్కు కూడా వచ్చిపడింది. ‘ఇండికా అంటే టాక్సీ’ అన్న ముద్ర పడ్డాక ఇంటివాడకానికి కొనేవారు ఆ పేరున్న కొత్త కారును కూడా అనుమానంగా చూశారు.

మారుతీ ఆ పాఠం నేర్చుకున్నట్టే కనిపిస్తుంది. 2012 ఫిబ్రవరిలో రెండో తరం డిజైర్ వచ్చినప్పుడు మొదటి తరాన్ని ఆపకుండా, టాక్సీలకు మాత్రమే ‘డిజైర్ టూర్’ అని అమ్మింది. 2017 మేలో మూడో తరం రాగానే, రెండోది ‘టూర్ ఎస్’ అయింది. పేరు వేరు, హంగులు తక్కువ, కొనుగోలుదారు వేరు. హ్యుందాయ్ కూడా 2020 జనవరిలో ఆరా తెచ్చి, పాత ఎక్సెంట్‌ను ‘ప్రైమ్’గా క్యాబులకు అట్టిపెట్టింది.

ఇక్కడ డిక్కీ సంగతి ఒకటి చెప్పుకోవాలి, విమానాశ్రయానికి దానితో నేరుగా పని ఉంది కనుక. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు పొడవు, చిన్న ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. మొదటి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు, ఆ రాయితీకి అందదు. అందుకే రెండో తరాన్ని 3,995 మిల్లీమీటర్లకు కుదించారు. కోత పడింది వెనకభాగంలో. 440 లీటర్ల డిక్కీ 316 లీటర్లయింది. అంటే 2012 తరవాత కొన్నేళ్లు, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో పెద్ద పెట్టెలతో దిగిన కుటుంబానికి ‘పాత’ టూర్ ‘కొత్త’ డిజైర్ కన్నా పనికొచ్చే బండి. కొత్తది మెరుగైనదే అయి తీరాలన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. దాని ఆకారాన్ని తీర్చింది ఇంజనీరు ఒక్కడే కాదు, పన్ను చట్టం కూడా.

ఫ్యాక్టరీ లోపలి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. తలుపు, బానెట్, పైకప్పు ఒక్కొక్కటి ప్రెస్ షాపులో దాని కోసమే చేయించిన డై మీద అచ్చవుతుంది. ఆ డైలకు, వెల్డింగు సరంజామాకు, విడిభాగాలు సరఫరా చేసేవాళ్ల అచ్చులకు పెట్టిన పెట్టుబడి మొదటి కొన్నేళ్లలో అమ్మిన ప్రతి కారు ధరలోనూ కలిసి ఉంటుంది. అది వసూలయ్యాక అదే అచ్చు మీద తీసే కారుకు ఉక్కు, కూలి, భాగాల ఖర్చే మిగులుతుంది. కాబట్టి ధర తగ్గించి అమ్మినా లాభమే. దీనికి ఎదురుగా క్యాబ్ యజమాని లెక్క చూడండి. నెలనెలా ఫైనాన్సు వాయిదా కట్టాలి. క్యాబ్ యాప్‌లో బండి తరగతికి ఒక ధర ఉంటుంది తప్ప, మీ కారు రూపం కొత్తదని కిలోమీటరుకు రూపాయి ఎక్కువ ఇవ్వరు. బంపర్ గీసుకుంటే చవగ్గా దొరకాలి, రిపేరు పూటలో తెమలాలి. 2015లో జీహెచ్‌ఎంసీ ‘డ్రైవర్ కమ్ ఓనర్’ పథకం పెట్టిందంటే, నగరంలో స్టీరింగు పట్టినవాడే అప్పు కూడా మోసే రోజులు వచ్చాయనే అర్థం. అలాంటివాడికి టచ్ స్క్రీను కన్నా వాయిదా తక్కువగా ఉండటమే ముఖ్యం.

మూడో కాలంలో పాత మోడల్ ఎప్పుడు ఆగాలో మార్కెట్ కన్నా చట్టమే ఎక్కువగా నిర్ణయించింది. హైదరాబాద్ దీన్ని స్వయంగా చూసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి దేశంలో 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4 ఉద్గార ప్రమాణం అమలైంది, వాటిలో హైదరాబాద్ ఒకటి. మారుతీ 800 ఇంజనును ఆ స్థాయికి తేవడం కంపెనీకి గిట్టుబాటు కాలేదు. దాంతో 1983 డిసెంబరు నుంచి వస్తున్న ఆ కారు అమ్మకం ఈ నగరాల్లో ఆగింది, మిగతాచోట్ల సాగింది. దాని వారసురాలిగా 2000లోనే ఆల్టో వచ్చి ఉంది. రెండూ పదమూడేళ్లకు పైగా పక్కపక్కనే నడిచాక 2014 జనవరిలో 800 తయారీ నిలిచింది.

చట్టంలో పాతవాటికి కొంత గడువు కూడా ఉంటుంది. ఎదురుగా ఢీకొనే పరీక్ష నిబంధన కొత్తగా వచ్చే మోడళ్లకు 2017 అక్టోబరు నుంచి, అప్పటికే ఉన్నవాటికి 2019 అక్టోబరు నుంచి వర్తించింది. డ్రైవరు పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్‌లో, పాతవాటికి అదే ఏడాది డిసెంబరు ఆఖరుకు తప్పనిసరైంది. ఇలా గడువిస్తే కంపెనీ ఆ కొన్ని నెలలూ, ఏళ్లూ పాత అచ్చుల్ని పిండుకుంటుంది. గడువు తీరాక మిగిలేవి రెండే దారులు, ఖర్చు పెట్టి మార్చడం లేదా ఆపేయడం. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 దేశమంతటా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు డ్రైవర్లు ఎంతో మెచ్చిన టయోటా ఎటియోస్ అలాగే వెళ్లిపోయింది.

ఇది మన దగ్గరి విడ్డూరం కాదు. 1974లో గోల్ఫ్ వచ్చాక కూడా ఫోక్స్‌వాగన్ బీటిల్ మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జులై దాకా తయారైంది. అదే దేశంలో నిస్సాన్ త్సురు 2017 వరకు టాక్సీగా రాజ్యమేలింది, 2013 లాటిన్ ఎన్‌క్యాప్ ఢీ పరీక్షలో దానికి ఒక్క నక్షత్రమూ రాకపోయినా. బ్రెజిల్‌లో కోంబి వ్యాన్ 2013 చివర ఆగిపోవడానికి కారణం ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ తప్పనిసరి చేసిన చట్టం.

త్సురు ఉదాహరణ చేదు నిజాన్ని బయటపెడుతుంది. పాత మోడల్ ఆదా చేసే డబ్బు పంచుకునేది కంపెనీ, యజమాని. భద్రతలోని తేడా భరించేది లోపల కూర్చున్నవాళ్లు, రోజుకు పన్నెండు గంటలు కూర్చునే డ్రైవరు అందరికన్నా ఎక్కువగా. 2024 నవంబరులో వచ్చిన నాలుగో తరం డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. ఆ రోజుల్లో టూర్ ఎస్ కొన్న క్యాబ్ యజమానికి మాత్రం మూడో తరం బండే దక్కింది. వాణిజ్య వాహనం కనుక వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా గవర్నరు కూడా ఉంటుంది. 2023లో గరిష్ఠ వేగం 120కి పెంచిన ఔటర్ రింగ్ రోడ్డు మీద పసుపు ప్లేటు బండ్లు ఎడమ వరస పట్టుకుని పోయేది అందుకే.

అయితే ఎడం తగ్గుతోంది. రెండో తరం డిజైర్ టాక్సీ రూపంలో 2017 నుంచి 2023 మొదటి దాకా, దాదాపు ఆరేళ్లు బతికింది. నాలుగో తరం వచ్చాక మాత్రం 2025 మధ్యలోనే టూర్ ఎస్ కూడా కొత్త ఒంటికి మారింది. నిబంధనలు బిగుసుకునేకొద్దీ పాత అచ్చు మీద మిగిలే లాభం కన్నా దాన్ని చట్టానికి తగ్గట్టు సవరించే ఖర్చు పెరుగుతుంది. ఈ మార్పుకు అదే కారణమని నా అంచనా.

ఆ పద్ధతి అంతరించిందని మాత్రం అనలేం. 2019 నుంచి కార్లు తయారవుతున్న పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీనే చూడండి. 2022లో వచ్చిన కారెన్స్‌కు 2025 మేలో కారెన్స్ క్లావిస్ అనే మెరుగైన రూపం తోడైంది. పాత కారెన్స్‌ను ఆపలేదు. రకాలు తగ్గించి, తక్కువ ధరకు, అదే పేరుతో అమ్ముతున్నారు. ఏడుగురు కూర్చునే ఆ బండిని క్యాబులవాళ్లు కూడా కొంటున్నారు.