ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేలోగా: హెచ్‌ఐవి చికిత్స ఎప్పుడు మొదలుపెట్టాలి?

వైద్యంలో “ఏ మందు ఇవ్వాలి?” అన్న ప్రశ్న కంటె “ఎప్పుడు ఇవ్వాలి?” అన్న ప్రశ్న ఒక్కొక్కప్పుడు కఠినంగా ఉంటుంది. హెచ్‌ఐవి విషయంలో ఈ రెండవ ప్రశ్నకు నిలకడైన సమాధానం దొరకడానికి దాదాపు ముప్పై సంవత్సరాలు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు రోగులు.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న కాలమది, 2005 ప్రాంతం. రెండు నెలలుగా జ్వరం, దగ్గుతో చిక్కిపోయిన ఒక తాపీ మేస్త్రి మా వార్డులో చేరాడు. ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. హెచ్‌ఐవి ఉన్నదని కూడా అప్పుడే బయటపడింది. క్షయ మందులు మొదలుపెట్టాము. కొంచెం తేరుకున్నాక, రెండు నెలల తరువాత ఏఆర్‌టి కేంద్రానికి వెళ్లమని చీటీ రాసి ఇంటికి పంపాము. రెండు నెలలు గడిచాక అతని తల్లి ఒక్కతే వచ్చింది, మరణ ధ్రువపత్రానికి కావలసిన కాగితం కోసం. “రెండు నెలలు ఆగమన్నారు గదయ్యా, వాడు ఆగలేకపోయాడు” అన్నది. ఆమె మాటలో నిందలేదు. అందుకే అది నన్ను ఇంతకాలం వదలలేదు.

ఆనాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అటువంటి రోగికి రెండు వారాల నుంచి రెండు నెలల లోపు హెచ్‌ఐవి మందులు మొదలుపెట్టవచ్చునన్నాయి. మేము ఆ గడువు చివరి అంచును ఎంచుకొన్నాము. ఎందుకు ఎంచుకొన్నామో తెలియాలంటే కొంత వెనక్కు వెళ్లాలి.

ఊగిసలాడిన లోలకం

1981లో అమెరికాలో ఎయిడ్స్ తొలి కేసులు నమోదయ్యాయి. 1983లో వైరస్‌ను గుర్తించారు. 1986లో మన దేశంలో, చెన్నైలో, డాక్టర్ సునీతి సోలమన్ బృందం తొలి హెచ్‌ఐవి కేసులను కనుగొన్నది. మరుసటి ఏడు, 1987 మార్చిలో, మొదటి ఔషధమైన జిడోవుడిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. 1964లో క్యాన్సరు కోసం తయారుచేసి పక్కన పెట్టిన పదార్థమది.

ఒక్క మందే ఉన్నప్పుడు ముందుగా ఇచ్చినా ప్రయోజనం నిలవలేదు. వైరస్ త్వరలోనే ఆ మందుకు లొంగని రూపం దాల్చేది. లక్షణాలు లేనివారికి ముందుగా జిడోవుడిన్ ఇస్తే ఆయుష్షు పెరగదని ఐరోపాలో జరిగిన ‘కాంకార్డ్’ పరిశోధన 1993లో తేల్చింది. లోలకం ‘వేచి చూద్దాం’ వైపు మొగ్గింది.

1996లో మూడు మందులను కలిపి ఇచ్చే చికిత్స ఫలితాలు వెలువడ్డాయి. పడక దిగలేనివారు లేచి ఉద్యోగాలకు వెళ్లారు. వీలైనంత త్వరగా, గట్టిగా దెబ్బతీయాలన్న వాదానికి అప్పుడు బలం వచ్చింది. కానీ కొద్ది ఏళ్లలోనే ఆ మందుల దుష్ఫలితాలు కనిపించాయి. బుగ్గలు లోతుకు పోవడం, కాళ్లూ చేతులూ సన్నబడడం, అరికాళ్ల మంటలు, కాలేయానికి హాని. దానితో లోలకం మళ్లీ వెనుకకు వచ్చింది. రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాల లెక్క బాగా పడిపోయేవరకు ఆగడమే మేలనుకొన్నారు.

ఈ చర్చ అంతా మందు కొనగలవారి గురించే జరిగింది. ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యే చికిత్స మన దేశంలో ఎందరికి అందుతుంది? 2001లో మన దేశపు సిప్లా సంస్థ మూడు మందుల మిశ్రమాన్ని ఒక అంతర్జాతీయ వైద్యసేవా సంస్థకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామన్నది. రోజుకు డాలరు కంటె తక్కువ! 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచిత చికిత్సను ఆరంభించింది. వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ముందుగా మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అయితే అప్పటి కొలబద్ద ప్రకారం లక్షణాలు లేనివారి సీడీ4 లెక్క 200కు దిగువకు రావాలి.

వార్డులో మా భయాలు

మరి, లెక్క ఎలాగూ పడిపోయి, జబ్బుతో మంచమెక్కినవారి విషయంలో ఎందుకు ఆగాము? కారణాలు లేకపోలేదు. క్షయకు వాడే రిఫాంపిసిన్, కొన్ని హెచ్‌ఐవి మందుల ప్రభావాన్ని తగ్గిస్తుంది. రెండు వ్యాధుల మందులూ కాలేయాన్ని బాధిస్తాయి. దద్దురు వస్తే ఏ మందు వల్ల వచ్చిందో తెలియదు. జీవితాంతం వాడవలసిన మందు కనుక, రోగిని ముందు మానసికంగా సిద్ధం చేయాలనే నియమం ఉండేది.

వీటన్నిటి కంటె పెద్ద భయం మరొకటి ఉండేది. మందులతో రోగనిరోధక వ్యవస్థ కోలుకోగానే శరీరంలో నక్కి ఉన్న క్రిముల మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. తాపము చెలరేగి జ్వరం తిరగబెడుతుంది, గ్రంథులు వాస్తాయి. మంచి మందే కీడు చేసినట్లు కనిపిస్తుంది. అందుచేత ముందు ఒక జబ్బును అణచి, ఆ తరువాత రెండవదాని సంగతి చూద్దామనుకొన్నాము. ఈలోగా వైరస్ ఆగదన్న సంగతి మాకు తెలుసు. దాని బరువెంతో తెలియలేదు.

ప్రయోగాలు చెప్పిన తీర్పు

ఆ బరువును 2009లో ఒక అమెరికన్ పరిశోధన తూచింది. తీవ్రమైన అవకాశవాద అంటువ్యాధులతో ఉన్న 282 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి సుమారు 12 రోజులలో, రెండవ భాగానికి సుమారు 45 రోజులలో హెచ్‌ఐవి మందులు మొదలుపెట్టారు. త్వరగా మొదలుపెట్టినవారిలో మరణాలు, ఎయిడ్స్ ముదరడం దాదాపు సగానికి తగ్గాయి.

2011లో కంబోడియా నుంచి వచ్చిన ఫలితాలు నన్ను ఎక్కువగా కదిలించాయి. క్షయ, హెచ్‌ఐవి రెండూ ఉండి, సీడీ4 లెక్క 200 దాటని 661 మందికి క్షయ మందులు ఆరంభించారు. కొందరికి రెండు వారాలకు, కొందరికి ఎనిమిది వారాలకు హెచ్‌ఐవి మందులు జతచేశారు. ఎనిమిది వారాలు ఆగిన 329 మందిలో 90 మంది మరణించారు. రెండు వారాలకే మొదలుపెట్టిన 332 మందిలో 59 మంది. మేము భయపడిన తాప ప్రకోపం త్వరపడినవారిలో ఎక్కువగానే వచ్చింది, కానీ ఎక్కువమంది బ్రతికారు. మా మేస్త్రి వంటివారి కథే అది.

అయితే ‘త్వరగా’ అన్నది కూడా గుడ్డి సూత్రం కాదు. మెదడు పొరలకు జబ్బు సోకినప్పుడు కథ మారుతుంది. క్రిప్టోకాకస్ శిలీంధ్రం వల్ల మెదడు పొరల తాపం వచ్చిన 177 మందిపై ఉగాండా, దక్షిణాఫ్రికాలలో జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. ఒకటి రెండు వారాలలో హెచ్‌ఐవి మందులిచ్చినవారిలో ఆరు నెలలకు 45 శాతం మరణించారు. ఐదు వారాలు ఆగినవారిలో 30 శాతం. కపాలమనే గట్టి పెట్టెలో వాపుకు చోటుండదు. అందుకే ఈ వ్యాధిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. మెదడు పొరల క్షయలో కూడా కొంత నిరీక్షణ అవసరం.

ఆరోగ్యంగా ఉన్నవారి విషయం 2015లో తేలింది. సీడీ4 లెక్క 500కు పైన ఉన్న 4,685 మందిపై జరిపిన ‘స్టార్ట్’ అనే పరిశోధనలో, వెంటనే చికిత్స పొందినవారికి తీవ్రమైన వ్యాధులు, మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ, లెక్కతో నిమిత్తం లేకుండా అందరికీ చికిత్స అన్నది. మన దేశం 2017లో ఆ విధానాన్ని స్వీకరించింది. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ, వ్యాధి నిర్ధారణ అయిన ఏడు రోజులలోపు, రోగి సిద్ధంగా ఉంటే ఆ రోజే, మందు మొదలుపెట్టమని సూచించింది. ఇప్పుడు డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి చాలు. రిఫాంపిసిన్ వాడుతున్నవారికి మాత్రం డోలుటెగ్రావిర్‌ను రెండవ పూట కూడా ఇస్తారు.

పాఠకులకు ఒక మాట

మీ ఆప్తులెవరికైనా ఆసుపత్రిలో ఉండగా ఈ వ్యాధి బయటపడితే భయపడకండి. ఇంటికి పంపేముందు వైద్యుని ఒక ప్రశ్న అడగండి: “హెచ్‌ఐవి మందులు ఏ రోజున మొదలుపెడతారు?” క్షయ ఉంటే సాధారణంగా రెండు వారాలలోపు. మెదడు పొరల జబ్బు ఉంటే వైద్యుడు చెప్పినంతకాలం ఆగడమే క్షేమం. ఏ జబ్బూ అడ్డులేకపోతే ఆలస్యానికి కారణం లేదు. ఏఆర్‌టి కేంద్రాలలో మందులు ఉచితం. 1097కు ఫోను చేస్తే సమాచారం చెబుతారు. రోగి సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదనీ, వ్యాధి సంగతి గోప్యంగా ఉంచాలనీ, చికిత్సలో వివక్ష చూపరాదనీ 2017 నాటి చట్టం చెబుతున్నది.

వైద్యులకు కూడా నా విన్నపమొకటి. చీటీ రాసి పంపడం చికిత్స కాదు. వార్డుకూ ఏఆర్‌టి కేంద్రానికీ మధ్య ఉన్న దూరంలోనే ఎందరో తప్పిపోతారు. రోగి చేతిలో తేదీ రాసిన కాగితం కాక, వీలైతే మందే పెట్టి పంపండి. ఆ తల్లికి నేను ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఇదే.