నాగు లెక్క: వెనుకకు నడిచే గణితం

జనగామ ప్రాంతపు పల్లెలలో 'నాగు' అంటే పాము ఒక్కటే కాదు. తొలకరి నాడు తిండికో విత్తనానికో ఒక కుంచం ధాన్యం అప్పు తెచ్చుకొని, పంట చేతికి రాగానే కుంచమున్నర కొలిచి ఇవ్వడాన్నీ నాగు అనేవారు. ఇది ఏడాది వడ్డీ కూడా కాదు. విత్తు నాటికీ కోత నాటికీ నడుమనున్న కొద్ది నెలలకే అసలులో సగం.

ఈ నాగు గురించి ఆలోచిస్తున్నప్పుడు నాకొక చిన్న లెక్క తట్టింది. కళ్ళంలో రైతు 27 కుంచాలు కొలిచి ఇచ్చాడు. అతడు తెచ్చుకొన్నది ఎంత? సగం వడ్డీ గనుక సగం తీసివేస్తే సరి, పదమూడున్నర అని నోటికి వస్తుంది. నాకూ మొదట అదే వచ్చిందని ఒప్పుకోవాలి. కానీ పదమూడున్నరకు దానిలో సగం కలిపి చూడండి. ఇరవైయుంబాతిక అవుతుంది గాని 27 కాదు. తీయవలసినది సగం కాదు, మూడో వంతు. 27లో మూడో వంతు 9, మిగిలిన 18 అసలు. వడ్డీ కుప్ప అదే 9 కుంచాలు. అసలు పక్కన పెట్టి చూస్తే అది సగం, మొత్తం పక్కన పెట్టి చూస్తే మూడో వంతు. శాతాల లెక్కలలో పిల్లలూ పెద్దలూ తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఈ తడబాటును మన గణితజ్ఞులు ఏనాడో గుర్తించారు. ఆర్యభటుడు సామాన్య శకం 499 నాటి కాలాన్ని పేర్కొన్న తన గ్రంథంలో విలోమ విధిని చెప్పాడు. ఫలితం నుండి వెనుకకు వచ్చేటప్పుడు గుణించినది భాగించాలి, భాగించినది గుణించాలి, కలిపినది తీసివేయాలి, తీసివేసినది కలపాలి. అయితే తనలోని భాగాన్నే తనకు కలుపుకొన్న రాశి సంగతి ఏమిటి? దానికి భాస్కరాచార్యుడు 1150లో, లీలావతిలో, ప్రత్యేకంగా సూత్రం చెప్పాడు. భాగాన్ని కలిపి ఉంటే హారానికి లవాన్ని కలపాలి, తీసి ఉంటే హారం నుండి లవాన్ని తీయాలి, లవం మాత్రం మారదు. ఆపైన మామూలు విలోమమే. రెండింట ఒకటి కలిపిన నాగుకు మూడింట ఒకటి తీయడం ఈ సూత్రం ప్రకారమే.

వడ్డీ లెక్కలనూ ఆయన వదలలేదు. నెలకు నూటికి అయిదు వంతున ఏడాదికి అసలూ వడ్డీ కలిసి వేయి అయితే అసలెంత అని అడుగుతాడు. ఏడాదికి వడ్డీ నూటికి అరవై, అంటే అయిదింట మూడు వంతులు. వెనుకకు వస్తే ఎనిమిదింట మూడు తీయాలి. వేయిలో 375 పోగా అసలు 625.

అంతకు సుమారు మూడు వందల ఏళ్ళ ముందే, అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో 'మిశ్రక వ్యవహారం' అని ఒక అధ్యాయమే రాశాడు. కలిసిపోయిన అసలు వడ్డీలను విడదీయడం అందులో ముఖ్య విషయాలలో ఒకటి. జైనుడైన మహావీరుని గ్రంథాన్ని శైవుడైన పావులూరి మల్లన పద్యాలలో తెలుగు చేశాడు. మన సాహిత్యపు తొలి శతాబ్దాలలోనే తెలుగులో గణిత కావ్యం ఉండడం నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

కానీ పద్యాలలోని గణితం కళ్ళం దాకా రాలేదు. నాగు ఒక్క పంటతో తీరకపోతే ఏమయ్యేదో చూడండి. 8 కుంచాలు మొదటి పంటకు 12, రెండవ పంటకు 18, మూడవ పంటకు 27. మూడింతలు దాటింది. అప్పు పత్రం దొర గడీలోనో షావుకారు పెట్టెలోనో ఉంటుంది. రైతు చెవిన పడేది చివరి అంకె ఒక్కటే. 27 నుండి 18కీ, 18 నుండి 12కీ, 12 నుండి 8కీ మెట్లు దిగి రాగలిగినవాడే ఆ పత్రంలోని అసలు నిజమో కాదో తేల్చగలడు. అక్షరం రానివ్వని చోట ఆ మెట్లు ఎవరు నేర్పుతారు?

ఆనాడు నల్లగొండ జిల్లాలో ఉండిన జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడి ఎటువంటిదో చరిత్రకు తెలుసు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టి, బేదఖళ్ళు, లెవీ ధాన్యం ఆ పోరాటానికి పెద్ద కారణాలు. వాటి పక్కనే నాగు కూడా ఉంది. ఉద్యమం బలపడిన ఊళ్ళలో అప్పు పత్రాలు మంటలపాలయ్యాయి. అసలు ఎంతో తేల్చనివ్వని లెక్కకు జనం ఇచ్చిన జవాబు అది.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వేరువేరు జిల్లాలయ్యాయి. లెక్క అవసరం మాత్రం పోలేదు. మహబూబాబాద్ మిర్చి రైతుకు నూటికి నాలుగు తరుగు తీసి 48 కిలోలకు చీటీ రాశారనుకుందాం. ఇరవై అయిదింట ఒకటి పోయింది గనుక ఇరవై నాలుగింట ఒకటి కలపాలి, తెచ్చిన సరుకు 50 కిలోలు. భూపాలపల్లి గని కార్మికునికి నూటికి 12 కోత పోగా 44,000 చేతికి వచ్చిందనుకుందాం. ఇరవై అయిదింట మూడు పోయింది గనుక ఇరవై రెండింట మూడు కలపాలి, అసలు జీతం 50,000. భాస్కరుడు చెప్పినట్లే, లవం మారలేదు.

సోమనాథుని పాలకుర్తినీ పోతన బమ్మెరనూ తలచుకొనే మనం, ఆ నేల మీదనే కొలిచిన ఈ కుంచాలను కూడా తలచుకోవాలని నా కోరిక. నాగు ఇచ్చినవారో తెచ్చుకొన్నవారో మీ ఇళ్ళ పెద్దలలో ఇంకా ఉంటే, లెక్క ఎలా కట్టేవారో అడిగి తెలుసుకోండి. నోటి లెక్కలు ఆ మనుషులతోనే పోతాయి.