బొగ్గు నుంచి హైడ్రోజన్ దాకా: విశాఖ చెప్పే చరిత్ర

ఇంధనం, విద్యుత్తు అనే మాటలు సాహిత్య విద్యార్థికి తన విషయానికి బయటివిగా తోచవచ్చు. అయితే ఒక ఊరి సాహిత్యాన్ని ఆ ఊరి భౌతిక జీవితం నుంచి విడదీసి అర్థం చేసుకోలేమని మనం చాలాకాలంగా చెబుతూనే ఉన్నాం. 1910లో శ్రీశ్రీ పుట్టిన విశాఖపట్నంలో సముద్రం ఉంది గాని నేటి రేవు లేదు. రావిశాస్త్రి కథలు రాసే నాటికి అదే ఊళ్లో రేవు, నౌకా నిర్మాణశాల, చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. వాటి వెంట కూలి కోసం వచ్చిన జనం, వాళ్ల పేదరికం, కోర్టులు, పోలీసులు వచ్చారు. ఆ మార్పును నడిపిన నిప్పు ఎక్కడిదో, ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం సాహిత్య విమర్శకు అవసరమైన పనే.

ఈ రోజు ఆ నిప్పు మళ్లీ మారుతున్నది. బొగ్గు, చమురుల స్థానంలో ఎండ, గాలి, హైడ్రోజన్ వస్తాయంటున్నారు. వాతావరణం వేడెక్కుతున్నదన్నది నిజం, బొగ్గు పొగ దానికి ప్రధాన కారణాల్లో ఒకటన్నదీ నిజం. కనుక ఈ మార్పు అవసరమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఇంధనం మారిన ప్రతిసారీ మూడు విషయాలు అడగాలి. భూమి ఎవరిది? శ్రమ ఎవరిది? తయారైన సరుకు ఎక్కడికి పోతున్నది? "స్వచ్ఛ ఇంధనం" అనే కొత్త మాటను కూడా ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షించాలి. అందుకు విశాఖ చరిత్రకన్నా మంచి ఉదాహరణ మనకు దగ్గరలో లేదు.

1

విశాఖ రేవు 1933 అక్టోబరులో సముద్రనౌకలకు తెరుచుకున్నది. మొదట వచ్చినది సింధియా కంపెనీవారి "జలదుర్గ". స్వదేశీ కంపెనీ ఓడ ముందుగా రావడం ఆనాటి జాతీయవాదులకు గర్వకారణమైంది. కాని రేవును తవ్వించినది ఆ గర్వం కోసం కాదు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిలో సముద్రానికి చేర్చడం వలస ప్రభుత్వానికి అవసరమైంది. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం, ఆ తర్వాత రెండేళ్లకు రేవు, ఈ రెండూ ఒకే ఆలోచనకు రెండు కొసలు. బొగ్గుతో నడిచే రైలు ఖనిజాన్ని తెచ్చేది, ఓడ పట్టుకుపోయేది. మోసిన కూలీకి కూలి డబ్బులు, ఊరికి ధూళి మిగిలేవి.

స్వాతంత్ర్యం తర్వాత ఈ అమరిక మాయం కాలేదు. 1960 దశకంలో జపాన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస-కిరండూల్ మార్గం వేశారు. అనంతగిరి, అరకు కొండలను తొలిచి వేసిన ఆ రైలుమార్గాన్ని ఇప్పుడు మనం విహారయాత్రల్లో చూసి మురిసిపోతున్నాం. అది పుట్టింది మాత్రం జపాన్ కొలుముల కోసం. ఆ ఖనిజాన్ని మోసే పెద్ద ఓడల కోసమే 1976లో బయటి హార్బరు సిద్ధమైంది. రేవుకు ఎదురుదిశలో, వచ్చే ఓడల్లో బొగ్గు దిగింది. ఆ బొగ్గు ధూళి పాతనగరం ఇళ్లలో ఆరవేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద వాలడం అక్కడివారికి దశాబ్దాల అనుభవం.

2

1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. భూమి మనది, రేవు మనది, కొనేవాళ్లం మనమే. ముడిచమురు ఎక్కడ కొనాలో నిర్ణయించే హక్కు మాత్రం విదేశీ కంపెనీది. ఈ సంగతి 1960లో బయటపడింది. సోవియట్ యూనియన్ తక్కువ ధరకు ముడిచమురు ఇస్తామన్నప్పుడు, దానిని శుద్ధి చేయమని భారత ప్రభుత్వం అడిగితే బర్మాషెల్, స్టాన్‌వాక్, కాల్టెక్స్ మూడూ నిరాకరించాయి. చమురుశాఖ మంత్రి కె.డి. మాలవీయ ప్రభుత్వరంగంలో శుద్ధి కర్మాగారాలు ఉండాలని పట్టుబట్టడం వెనుక ఈ అనుభవం ఉన్నది. 1973లో చమురు ధర కొద్ది నెలల్లో నాలుగింతలైనప్పుడు ప్రపంచమంతా ఆ పాఠం నేర్చుకున్నది. 1976లో కాల్టెక్స్ జాతీయమై తర్వాత హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.

అయితే జాతీయం కావడంతోనే అన్ని ప్రశ్నలూ తీరిపోలేదు. 1997 సెప్టెంబరు 14న ఆ కర్మాగారంలో గ్యాసు మండి పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. ప్రభుత్వ యాజమాన్యం ప్రజల యాజమాన్యంగా మారాలంటే కార్మికుల మాటకూ, గోడ అవతలి బస్తీల మాటకూ లోపల చోటుండాలని ఆ ప్రమాదం గుర్తుచేసింది.

ఇదే కాలంలో కొండల్లో మరో కథ నడిచింది. ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దున ప్రవహించే మాచ్‌ఖండ్ నది మీద కట్టిన జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. నీటి విద్యుత్తుకు పొగ లేదు, బూడిద లేదు. నేటి కొలత ప్రకారం అది "స్వచ్ఛ" విద్యుత్తే. దాని జలాశయం కింద సుమారు మూడువేల కుటుంబాల భూములు, ఇళ్లు పోయాయి. వారిలో సగం దాకా ఆదివాసులు. తీగలు వాళ్ల తలల మీదుగా మైదానానికి సాగిపోయాయి. ఆ వెలుగు కోసం ఊళ్లు వదిలిన గూడేలు చాలా ఏళ్లు చీకట్లోనే ఉన్నాయి. పొగ లేకుండా కూడా అన్యాయం జరగగలదని మన ప్రాంతానికి డెబ్బై ఏళ్ల కిందటే తెలుసు.

3

ఇక ఉక్కు. ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖను అనువైన చోటుగా చెప్పిన తర్వాత కూడా కేంద్రం జంకింది. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. తెన్నేటి విశ్వనాథం వంటి పెద్దలు, కమ్యూనిస్టులు, విద్యార్థులు, రేవు కార్మికులు కలిసి నడిచిన ఉద్యమమది.

ఆ యువకులు ఏమి కోరారో సరిగా చూడాలి. ఇనుప ఖనిజం తమ కళ్లముందే ఓడలెక్కి జపాన్ పోతుంటే, దాన్ని ఇక్కడే కరిగించాలన్నారు. ముడిసరుకు రేవును ఉత్పత్తి నగరంగా మార్చమన్నారు. అందువల్ల ఆ కోరికను కేవలం ప్రాంతీయాభిమానంగా చూడడం పొరపాటు. వలస కాలపు అమరికను తిరగరాయమన్న డిమాండు అది.

1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన. ఆ తర్వాత ఏళ్ల తరబడి రాయి రాయిగానే ఉన్నది. సోవియట్ సాంకేతిక సహకారంతో పని సాగి, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు "గోదావరి" వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే ప్రభుత్వరంగాన్ని వదిలించుకునే ఆర్థిక విధానం మొదలైంది. పుట్టిన రోజునే దానికి సవతి బిడ్డ హోదా దక్కిందన్నమాట. సొంత ఇనుప గనిని ఇవ్వలేదు. బైలదిల్లా ఖనిజం గుమ్మం ముందునుంచే పోతున్నా బజారు ధరకు కొనుక్కోవలసి వచ్చింది. కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా వంటి దూరదేశాల నుంచి ఓడల్లో దిగాలి. ప్రపంచ బొగ్గు ధర ఎగిరినప్పుడల్లా కూర్మన్నపాలెం గేటు దగ్గర దాని దెబ్బ తగులుతుంది.

ఈ విజయగాథలో మనం తరచు వదిలేసే పేజీ ఒకటుంది. కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులకు ఉద్యోగం ఇస్తామంటూ "ఆర్ కార్డు" ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని వేలమంది ఎదురుచూస్తూనే ఉద్యోగవయసు దాటిపోయారు. అగనంపూడి, గాజువాక కాలనీల్లో ఆ కార్డు ఒక వ్యక్తిగత విషాదం కాదు, ఒక తరం చరిత్ర. అమరులను తలచుకున్న సభల్లో నిర్వాసితులను మరచిపోతే మన జ్ఞాపకం సగమే అవుతుంది.

4

1990ల తర్వాత విద్యుత్తు ప్రజాసేవ స్థానం నుంచి బజారు సరుకుగా మారింది. ప్రపంచబ్యాంకు సంస్కరణల ప్రకారం 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శన మీద కాల్పులు జరిపారు, ముగ్గురు మరణించారు. 2002లో పరవాడ దగ్గర ఎన్.టి.పి.సి. వారి సింహాద్రి కేంద్రం మొదటి యూనిట్ వచ్చింది. పదేళ్లలో అది 2,000 మెగావాట్లయింది. ఒరిస్సా తాల్చేరు బొగ్గు రైళ్లలో వస్తుంది. విద్యుత్తు తీగల్లో పోతుంది. బూడిద చెరువు మాత్రం పక్క ఊళ్లదే.

ప్రైవేటు థర్మల్ కేంద్రాల వంతు తర్వాత వచ్చింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల కోసం రైతులు, మత్స్యకారులు నిలబడ్డప్పుడు 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు ప్రాణాలు తీశాయి. 1966లో కొలిమి కావాలని అడిగినవాళ్ల మీద కాల్చారు. 2010లో కొలిమి వద్దన్నవాళ్ల మీద కాల్చారు. ఈ రెంటినీ చూసి ప్రజలే మాట మార్చారని కొందరంటారు. అది పైపై చూపు. రెండుసార్లూ ప్రజలు అడిగింది తమ నేల మీద తమ నిర్ణయాధికారాన్నే.

5

ఇప్పుడు వర్తమానం. 2021 ఆగస్టులో సింహాద్రి జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే సౌరఫలకాలు వచ్చాయి. కొత్త భూమి తీసుకోకుండా, ఉన్న నీటి మీదనే ఎండను పట్టే ఈ పద్ధతి మంచిదే. మార్పు న్యాయంగా కూడా జరగవచ్చునని చూపే చిన్న ఉదాహరణగా దీన్ని చెప్పుకోవచ్చు.

పెద్ద ఉదాహరణ వేరు. అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారుల ఊరు. ఆ ప్రాంతంలో తొలుత 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం తలపెట్టారు. ఆ ఆలోచన పక్కనపడి, అక్కడే హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖలో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం చెప్పిన ప్రకారం పెట్టుబడి సుమారు 1,85,000 కోట్ల రూపాయలు. 20,000 మెగావాట్ల సౌర, పవన విద్యుత్తు వంటి వాటి సాయంతో నీటిని విడగొట్టి రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తారు. దాని నుంచి మెథనాల్, యూరియా, విమాన ఇంధనం వస్తాయి. ఎక్కడికి? ప్రధానంగా ఎగుమతికి అని ఆ ప్రకటనే చెబుతున్నది. మాంగనీసు పోయిన దారినే, ఇనుప ఖనిజం పోయిన దారినే, ఇప్పుడు మన ఎండ కూడా ఓడ ఎక్కబోతున్నదా అని అడగడం అనుమానపు బుద్ధి కాదు, చరిత్ర స్పృహ.

కొండల వైపు చూస్తే మాచ్‌ఖండ్ కథ తిరిగి మొదలవుతున్నట్టున్నది. ఎండ సాయంత్రానికి ఆగిపోతుంది గనుక విద్యుత్తును నిలవచేయాలి. పగటి విద్యుత్తుతో కింది జలాశయం నీటిని పైదానికి ఎక్కించి, రాత్రి దింపి టర్బైన్లు తిప్పడం పంప్డ్ స్టోరేజి పద్ధతి. దానికి కొండలు కావాలి. పెదకోట, ఎర్రవరం వంటి చోట్ల ప్రతిపాదనలు వచ్చాయి. ఆదివాసులు అభ్యంతరం చెబుతున్నారు. ఆదివాసీ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన "సమత" తీర్పు ఇదే అనంతగిరి, బొర్రా కొండల నుంచి పుట్టింది. ఖనిజం బదులు నీరు, ఎత్తు కావాలన్నంత మాత్రాన ఆ తీర్పు వెనుక ఉన్న న్యాయసూత్రం పాతబడిపోదు.

ఇక ఉక్కు కర్మాగారం. దాని నూరుశాతం అమ్మకానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. కార్మికులు ఏళ్ల తరబడి రిలే దీక్షలు సాగించారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. సొంత గని మాత్రం అందులో లేదు. కాగా నక్కపల్లి దగ్గర ఆర్సెలర్ మిట్టల్-నిప్పన్ స్టీల్ కర్మాగారానికి రాష్ట్రం అనుమతులిచ్చింది.

ఈ సందర్భంలోనే యూరప్ కొత్త గోడ కడుతున్నది. దిగుమతయ్యే ఉక్కు తయారీలో ఎంత కర్బనం వెలువడిందో లెక్కగట్టి సుంకం వేసే విధానం 2026 జనవరి నుంచి పూర్తి అమలు దశకు చేరింది. ఖనిజం నుంచి ప్రాణవాయువును విడగొట్టే పని బ్లాస్ట్ ఫర్నేసులో కోకు చేస్తుంది. ఫలితం బొగ్గుపులుసు వాయువు. అదే పని హైడ్రోజన్‌తో చేస్తే నీటి ఆవిరి వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం ఒకచోట, కొంచెం దూరంలో హైడ్రోజన్ కేంద్రం. ఆ హైడ్రోజన్ ఈ ఉక్కుకు ఉపయోగపడాలని ఎవరూ గట్టిగా అడగకపోతే, 1966 నాటి డిమాండును మనం మరచిపోయినట్టే. ఖర్చు ఎక్కువన్నది నిజమే. ప్రభుత్వరంగంలో ఉక్కు పెట్టడం కూడా లాభసాటి కాదని ఆనాడూ అన్నారు.

6

మన రచయితల మాట ఒకటి చెప్పుకోవాలి. ఒక కాలంలో అభ్యుదయ సాహిత్యం పొగగొట్టాన్ని విముక్తి చిహ్నంగా చూసింది. బానిస దేశంలో అది సహజం, అవసరం. కాని పొగగొట్టం నీడలో ఖాళీ అయిన ఊరిని అంత శ్రద్ధగా చూడలేదు. ఈ లోపాన్ని ఒప్పుకోవడం వల్ల మన సంప్రదాయానికి నష్టం లేదు. ఇప్పుడు దానికి వ్యతిరేక దిశలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, పల్లె అంతా స్వర్గం, ఫ్యాక్టరీ అంతా నరకం అనే పలాయనం. ఉక్కు కార్మికుడి దీక్షాశిబిరానికి అందులో చోటుండదు. రెండోది, "హరిత" అన్న విశేషణం తగిలించిన ప్రతిదాన్నీ ప్రగతిగా స్వీకరించడం. పూడిమడక మత్స్యకారుడికీ, పెదకోట ఆదివాసీకీ దానిలో చోటుండదు.

కార్మికుడినీ, నిర్వాసితుడినీ, మత్స్యకారుడినీ, ఆదివాసీనీ ఒకే కథలో చూడగలిగిన రచన మనకు ఇంకా అవసరం. వాళ్ల ప్రయోజనాలు ఎప్పుడూ ఒకటే అని ముందుగా తీర్మానించుకోనక్కరలేదు. వాళ్ల మధ్య ఉన్న వైరుధ్యాలనూ రాయాలి. 1933లో తొలి ఓడ వచ్చినప్పుడు రేవులో నిలబడి చూసినవాళ్లు, ఈ ఓడ ఏమి తెచ్చింది, ఏమి తీసుకుపోతుంది అని అడిగారో లేదో మనకు తెలియదు. హైడ్రోజన్ సరుకుతో తొలి ఓడ బయలుదేరే రోజున మాత్రం ఆ ప్రశ్న అడిగే తెలుగు రచన ఒకటి అప్పటికే ఉండాలి.