కసాయి మొద్దు మీద నకాశీ

కూరగాయలు తరిగే పలక మా ఇళ్ళల్లో మొన్నమొన్నటి దాకా లేదు. కత్తిపీటే ఉండేది. పీటను కాలితో అదిమిపట్టి, కదలని కత్తికి వంకాయను ఎదురు నడిపించడం ఈ నేల వంటింటి పద్ధతి. ఇందులో హిందూ ఇల్లు, ముస్లిం ఇల్లు అని తేడా లేదు. కత్తి పైనుంచి పడుతుంటే కర్ర కింద ఉండి దెబ్బ కాసే చోటు ఊళ్ళో ఒక్కటే, మాంసం దుకాణం. నర్మెట్ట, జనగామ, చేర్యాల... ఏ దుకాణం ముందు ఆగినా చింత మొద్దు కనిపిస్తుంది.

ఇప్పుడు షహర్లలో కొత్త పలకలు వచ్చాయి. మూడు రంగుల కర్రముక్కలు అతికి చేసినవి. చూస్తే చదునుగా అనిపించవు. పెట్టెల మీద పెట్టెలు పేర్చినట్టు, మెట్లు దిగుతున్నట్టు ఉంటాయి. చేత్తో తడిమితే గాని నమ్మకం కుదరదు. కళాఖండం అంటున్నారు, గోడకు తగిలించుకుంటున్నారు. మంచిదే. కానీ అందులోని రెండు విద్యలూ మావాళ్ళు ఎరిగినవే. ఒకటి కసాయి దుకాణంలో ఉంది, రెండోది ఆషూర్‌ఖానా గోడ మీద ఉంది. మొదటిదాన్ని క్రౌర్యం అన్నారు, రెండోదాన్ని పరాయిది అన్నారు. అందుకే ఈ పలక కథ మేము చెప్పాలి.

ముందు మొద్దు సంగతి. చెట్టు మానును అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖాన్ని పైకి పెడతారు. అప్పుడు కర్ర పోగులు నిలువుగా నిలబడి ఉంటాయి. కత్తి దిగితే పోగు తెగదు, పక్కకు ఒదిగి దారి ఇస్తుంది. కత్తి లేవగానే మళ్ళీ దగ్గరికి వస్తుంది. అదే పలకను పొడుగ్గా పరిచి కొడితే పోగులు తెగి గాట్లు పడతాయి, పెచ్చులు లేస్తాయి, కత్తి పదునూ పోతుంది. చింత కర్ర గట్టిది, పోగు పెనవేసుకుని ఉంటుంది, త్వరగా చీలదు. బక్రీద్ ముందు హైదరాబాద్ బజార్లలో చింత మొద్దులు వరసగా పెట్టి అమ్మేది ఇందుకే.

కొత్త పలక పట్టుకున్నదీ ఈ సూత్రాన్నే. తెల్లటి అంకుడు, నడిమి రంగు టేకు, నల్లటి జిట్రేగి తీసుకున్నామనుకోండి. మూడింటినీ ఒకే మందానికి చిత్రిక పడతారు. రంపాన్ని 30 డిగ్రీలు వంచి, మందమెంతో అంతే ఎడంతో కడ్డీలు కోస్తారు. కడ్డీని కొన నుంచి చూస్తే నాలుగు భుజాలూ సమానంగా ఉన్న సమచతుర్భుజం, ఒక మూల 60 డిగ్రీలు, పక్క మూల 120. మూడు రంగుల కడ్డీలను 120 డిగ్రీల మూలలు కలిసేలా అతికితే ఆరు పలకల కడ్డీ తయారవుతుంది. అలాంటివాటిని తేనెతుట్టెలా పేర్చి, అతికి, ఆరాక అడ్డంగా అంగుళంన్నర మందాన కోస్తారు. ఒక్కో మూలలో ఒక డిగ్రీ తగ్గితే మూడూ కలిసే చోట మూడు డిగ్రీల సందు తేలుతుంది. ఏ జిగురూ దాన్ని దాచలేదు.

తెల్లముక్క పెట్టె మూత, టేకు వెలుగు పక్క, జిట్రేగి నీడ పక్క. వెలుతురు పైనుంచి వస్తుందని కంటికి అలవాటు గనక పెట్టె లేచి నిలబడుతుంది. తదేకంగా చూస్తూ ఉండండి, అదే పెట్టె గుంటగా మారిపోతుంది. ముక్క కదలదు, రంగు మారదు. ఇంకో గొప్ప ఏమంటే, పోగుతో పాటు నమూనా కూడా అడుగు దాకా ఉంటుంది. పైన ఎంత అరిగినా కింద అదే నకాశీ.

ఇలా కూర్చే పనిని గోడ మీద చూడాలంటే హైదరాబాద్‌లోని బాద్షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్ళాలి. చార్మినార్ (1591) తర్వాత కొద్ది ఏళ్ళకే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించింది. 1611 నాటికి గోడలకు రంగు పెంకుల పని చేశారు. ఒక్కో రంగు పెంకును విడిగా కోసి, అంచుకు అంచు కలిపి పీర్ల ఆకారాలు తీర్చారు. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గోడల కింది భాగాన్ని తినేసింది. తర్వాత అక్కడ పెంకులకు బదులు రంగులు పూసి సరిపెట్టారు. ఏది కూర్పో, ఏది పూతో దగ్గరికెళ్తే తెలిసిపోతుంది. అదే వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. చింత అంటే మాకు మొద్దు ఒక్కటే కాదు.

పెట్టెల నమూనా కూడా మాదేనని రాసుకోవాలని మాలో కొందరికి ఉబలాటం. మాది కాదు. క్రీస్తు శకం 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే పట్నంలో, ఫాన్ గృహం అనే ఇంటి నేల మీద మూడు రంగుల రాళ్ళతో ఇవే పెట్టెలు ఉన్నాయి. ఇస్లాం అప్పటికి పుట్టనే లేదు. గీతలకు మతం అంటగట్టి పరాయివి అనేవాళ్ళకూ ఇదే మా జవాబు. మూలలు సరిచూసే గునియా మాట తీసుకోండి. గ్రీకులో గోనియా అంటే మూల. అక్కడి నుంచి ఫారసీలోకి, ఉర్దూలోకి, ఉర్దూ నుంచి తెలంగాణ వడ్లాయన చేతికి, మేస్త్రీ చేతికి వచ్చింది. మాట అరువుదని ఎవరూ పని ఆపలేదు. నర్మెట్టకు దగ్గర్లోని చేర్యాలలో పటాలు గీసే కుటుంబాలను నకాశీలు అంటారు. అది అరబీ మాట. వాళ్ళు పద్మశాలీలకు గీసిచ్చేది మార్కండేయ పురాణం.

మాటలు ఇంత హాయిగా దాటి వచ్చిన నేల మీద ఒక్క మాట మాత్రం గాయమై దిగింది. అరబీలో ఖస్సాబ్, ఉర్దూలో ఖసాయీ వృత్తి పేర్లు. తెలుగులో కసాయి అంటే గుండె లేనివాడు. సినిమాలో విలన్ కసాయి, బిడ్డను పారేసిన తండ్రి కసాయి, వార్తలో హంతకుడు కసాయి. పత్రికల్లో పనిచేసేవాళ్ళం, హెడ్డింగుల్లో ఆ మాట ఎంత చవకో రోజూ చూస్తాం. ఈ పాపంలో ఉర్దూకూ వాటా ఉంది, దాచం. ఆరె కటికలు హిందువులే, అయినా ‘కటికవాడు’ అనే తిట్టు వాళ్ళనూ వదల్లేదు. 2007 నాటి రిజర్వేషన్ చట్టం బీసీ-ఇ జాబితాలో ఖురేషీ, ఖసబ్, ముస్లిం కటిక అని రాసింది. సర్కారు కాగితం మీద అది వెనకబడిన కులం, మన నుడికారంలో మాత్రం తిట్టు. ముస్లిం అంటే నవాబే అనుకునేవాళ్ళూ ఇంకా ఉన్నారు. ఈ జనగామ తాలూకాలోనే కామారెడ్డిగూడెం రైతు బందగీ, విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో భూమి కోసం చచ్చిపోయాడు.

ఆ మొద్దును కొట్టేవాడికి కీలు ఎక్కడుందో, ఎముకను ఎక్కడ కొడితే పొడి రాలదో తెలియాలి. రాత్రి దుకాణం కట్టేసే ముందు మొద్దును గీకి శుభ్రం చేసుకోవాలి. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న మొద్దు నడుమ గుంట పడుతుంది. అప్పుడు వడ్లాయన బాడిశతో చెక్కి మళ్ళీ చదును చేస్తాడు. చెక్కిన చోట చింత రంగులు బయటపడతాయి. నడుమ ఊదా కలిసిన నల్లటి చేవ, చుట్టూ పసుపు కలిసిన తెలుపు.